గల్ఫ్ జీతానికి పన్ను లేదు, మరి రిటర్ను ఎందుకు?

వరంగల్‌లో మండిబజార్, కరీమాబాద్, కాజీపేట ఎక్కడ చూసినా గల్ఫ్‌లో పనిచేసే కొడుకో, తమ్ముడో, అల్లుడో ఉన్న ఇళ్లు కనబడతాయి. "అక్కడ పన్ను లేదు, ఇక్కడ సంపాదన లేదు, మనకు రిటర్నుతో ఏం పని?" అనే మాట ఆ ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. ఇందులో మొదటి మాట నిజమే. సౌదీ, యూఏఈ, ఖతర్, కువైట్, బహ్రెయిన్‌లలో జీతంపై ఆదాయపు పన్ను లేదు. ఒమన్ మాత్రం 2028 నుంచి పెద్ద ఆదాయాలపై పన్ను వేస్తామని ప్రకటించింది. రెండో మాట చాలా ఇళ్లలో నిజం కాదు. ఊళ్లో బ్యాంకు వడ్డీ ఉంటుంది, ఇంటి అద్దె ఉంటుంది. రిటర్ను వేయకపోతే ఆ కష్టార్జితంలోనే కొంత పోతుంది.

ముందు రోజులు లెక్కపెట్టాలి

అమెరికా తన పౌరులు ఏ దేశంలో ఉన్నా రిటర్ను అడుగుతుంది. మన దేశంలో పౌరసత్వం కంటే రోజుల లెక్క ముఖ్యం. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు ఒక ఏడాది. ఆ ఏడాదిలో 182 రోజులు లేదా అంతకు మించి ఇక్కడ ఉన్నవారు నివాసి. ఉద్యోగానికి వెళ్లినవారు, సెలవుపై వచ్చి వెళ్లేవారు అంతకంటే తక్కువ రోజులు ఉంటే సాధారణంగా ప్రవాసి, అంటే ఎన్నారై. ఎన్నారైకి విదేశీ జీతంపై ఇక్కడ పన్ను ఉండదు. 2020 బడ్జెట్ సమయంలో గల్ఫ్ జీతంపైనా పన్ను వేస్తారని కలవరం రేగింది. అక్కడ నిజాయితీగా పనిచేసేవారి జీతం జోలికి రామని కేంద్ర ఆర్థిక శాఖ ఆ ఏడాది ఫిబ్రవరి 2నే వివరణ ఇచ్చింది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక యువకుడు నవంబరు 15న రియాద్ విమానం ఎక్కాడు. ఏప్రిల్ 1 నుంచి అప్పటికి ఇక్కడ 229 రోజులు గడిపాడు. కాబట్టి ఆ ఏడాది అతడు నివాసే. మార్చి వరకు అక్కడ వచ్చిన జీతాన్ని కూడా ఇక్కడి రిటర్నులో చూపాలి. మరుసటి ఏడాది నుంచి ఎన్నారై అవుతాడు. పూర్తిగా తిరిగి వచ్చేసిన ఏడాదికి, ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటినవారికి లెక్క వేరుగా ఉంటుంది. వారు ఆడిటరు సలహా తీసుకోవాలి.

బ్యాంకులో కోత

విదేశం వెళ్లినవారు పాత సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి. ఇది నియమం. అక్కడి సంపాదన పంపుకోవడానికి ఎన్ఆర్ఈ ఖాతా తెరవవచ్చు. ఎన్ఆర్ఈ వడ్డీపై ఎన్నారైకి పన్ను లేదు. ఎన్ఆర్ఓ వడ్డీపై మాత్రం మొదటి రూపాయి నుంచే 30 శాతం, దానిపై సెస్సు కలిపి 31.2 శాతం బ్యాంకు కోస్తుంది. కోత వద్దని నివాసులు ఇచ్చే పత్రం ఎన్నారైకి వర్తించదు.

ఎన్ఆర్ఓలో 10 లక్షల డిపాజిట్ ఉంది, వడ్డీ 7 శాతం అనుకోండి. ఏడాది వడ్డీ 70,000. కోత 21,840 రూపాయలు. ఇక్కడ వేరే ఆదాయం లేకపోతే అతడికి అసలు పన్నే లేదు, ఎందుకంటే 2025-26 నుంచి కొత్త విధానంలో 4 లక్షల వరకు పన్ను లేదు. ఆ 21,840 మొత్తం వెనక్కి రావాలి. కానీ అడిగితేనే వస్తుంది, అడగడమంటే రిటర్ను వేయడమే. అయితే "12 లక్షల వరకు పన్ను లేదు" అని వింటున్న రాయితీ నివాసులకే, ఎన్నారైలకు లేదు.

ఎన్నారైకి అద్దె చెల్లించేవారు, ఎన్నారై ఇల్లు కొనేవారు కూడా పన్ను కోయాలి. ఇల్లు అమ్మేవారు తక్కువ కోతకు సర్టిఫికెట్ కోసం ముందే దరఖాస్తు చేసుకోవడం మంచిది.

ఎక్కడ ఆగిపోతుంది?

పేరు: పాన్‌లో "ఎండి", పాస్‌పోర్టులో "మహమ్మద్", బ్యాంకులో "మొహమ్మద్" అని ఉంటే రీఫండ్ ఖాతా ధ్రువీకరణ ఆగిపోతుంది. మూడూ ఒకేలా ఉండాలి.

ఫోను: రిటర్నును 30 రోజుల్లో ధ్రువీకరించాలి. ఓటీపీ ఇక్కడి నంబరుకు వస్తుంది. రీచార్జి లేక ఆ సిమ్ పోయి ఉంటే చిక్కు. నెట్ బ్యాంకింగ్ ద్వారా గానీ, సంతకం చేసిన పత్రాన్ని బెంగళూరు కేంద్రానికి పోస్టులో పంపి గానీ పూర్తి చేయవచ్చు.

పాన్: ఆధార్ అనుసంధానం నుంచి ఎన్నారైకి మినహాయింపు ఉంది. అయితే పోర్టల్‌లో తన హోదా నమోదు చేయించుకోకపోతే పాన్ పనిచేయకుండా పోవచ్చు.

ఫారం: ఐటీఆర్-1 నివాసులకే. జీతం, వడ్డీ, అద్దె ఉన్న ఎన్నారై ఐటీఆర్-2 వేయాలి. గడువు సాధారణంగా జూలై 31. ఆలస్యమైతే డిసెంబరు 31 వరకు వేయవచ్చు. పాస్‌పోర్టు ముద్రల పేజీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, టీడీఎస్ సర్టిఫికెట్ దాచుకోవాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు వేరు. పాత నంబర్లు పట్టుకుని తిరగవద్దు.

దాతలకు రెండు మాటలు

భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా ఇచ్చే విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇస్తే అది విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవడానికి సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ అనుమతి ఉండాలి. పంపే ముందు ఈ సంగతి చెప్పండి. విరాళంపై పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. 2,000 దాటిన నగదు విరాళానికి అది వర్తించదు. జకాత్ ఇచ్చినందువల్ల పన్ను తీరదు, పన్ను కట్టినందువల్ల జకాత్ తీరదు. రెండు లెక్కలూ విడివిడిగా రాసుకోవాలి.

మనం చేయగలిగింది

అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవారికి శిక్షణ పొందిన వాలంటీర్లు ఉచితంగా రిటర్నులు వేసిపెడతారు. ఆ దేశ పన్నుల శాఖే వారికి తోడుంటుంది. మన దగ్గర ఏప్రిల్ నుంచి జూలై వరకు ఆదివారం పూట ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఒక ఆడిటరు, బీకాం చదివే నలుగురు పిల్లలు ఉంటే చాలు. రెండు నియమాలు మాత్రం తప్పకూడదు. ఎవరి పాస్‌వర్డూ రాసి పెట్టుకోకూడదు, ఎవరి పేరిటా లేని ఖర్చులు చూపి రీఫండ్ పెంచకూడదు. అలా పెంచితే నోటీసు వచ్చేది ఎడారిలో పనిచేసే ఆ మనిషికే. వచ్చిన కాగితాలు మన దగ్గర అమానత్.

అలాంటి బల్ల ఖర్చును ఒక్క దాత భరించినా, ఎండలో సంపాదించి దాచుకున్న సొమ్ము ఎన్నో ఇళ్లకు తిరిగి చేరుతుంది. అది పిల్లల ఫీజు కావచ్చు, తల్లి మందులు కావచ్చు. వారు ఒకరి ముందు చేయి చాచాల్సిన పని లేదు, అది వారి డబ్బే.