క్వార్టర్సు తలుపుకి గడియ పెట్టించు

మేనల్లుడా,

మన పీహెచ్‌సీకి వచ్చిన డాక్టరమ్మ కూడా వెళ్ళిపోతానంటోందనీ, కలెక్టరుగారికి అర్జీ పెడదామా అనీ అడిగావు. పెట్టు, తప్పేం లేదు. అయితే అర్జీతో వచ్చేది పోస్టింగు ఆర్డరు మాత్రమే. వచ్చిన మనిషి నిలబడ్డం ఊరి చేతిలో ఉంటుంది. పడవల మీదా పంటుల మీదా లంకలన్నీ తిరిగిన హెల్త్ విజిటర్ని, ఈ ఒక్క సంగతిలో నా మాట విను.

ఎప్పుడైనా పీహెచ్‌సీ నర్సు క్వార్టర్సులోకి అడుగుపెట్టావా? పోయినసారి వచ్చినప్పుడు చూశాను. బాత్రూం తలుపుకి గడియ లేదు. కిటికీ రెక్క ఊడితే అట్టముక్క అడ్డం పెట్టారు. 2022 జులై వరద తాలూకు ఒండ్రు చార గోడ మీద నడుమెత్తున ఇంకా అలాగే ఉంది. అర్ధరాత్రి కాన్పుకేసొస్తే లేవాల్సిన నర్సు ఆ తలుపు వెనక ఎలా కన్నుమూస్తుంది? మనవాళ్ళేమో ఆవిడ ఊళ్ళో ఉండట్లేదని పైకి కాయితాలు రాస్తారు. గడియకీ, కిటికీకీ, సున్నానికీ ఎంతవుతుందిరా? ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో గట్టిగా అడుగు. నాన్చితే తీర్థానికి వేసుకునే చందాలో పదోవంతు చాలు.

ఆ నర్సు క్వార్టర్సు వద్దనుకుని అద్దె ఇల్లు వెతుక్కుందనుకో, మనూళ్ళో మొదటి ప్రశ్న "మీ ఇంటిపేరేంటమ్మా?" అని. ఎందుకడుగుతారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. మన డెల్టాలో నర్సులు, ఏఎన్ఎంలు చాలామంది పేటల్లోంచి చదువుకుని వచ్చిన పిల్లలు. పురుడు పొయ్యడానికి ఆ చేతులు కావాలి, మేడ మీద వాటా మాత్రం ఇవ్వం. దీని మీద సర్పంచివై ఉండి నువ్వు నోరు విప్పకపోతే మిగతావన్నీ దండగే. మీ మేడ మీద వాటా ఖాళీగానే ఉందిగా? మీ అమ్మతో నేను మాట్లాడతాలే.

పాతకాలం డాక్టర్లకి సేవాభావం ఉండేదని రావిచెట్టు కింద కూర్చుని అంటుంటారు. పిఠాపురం కెనడియన్ బాప్టిస్టు మిషన్ ఆసుపత్రిలో డాక్టర్ జెస్సీ ఆలిన్ దశాబ్దాల తరబడి ఉండిపోయిన మాట నిజమే. భక్తి లేదనను. కానీ మిషన్ కాంపౌండంటే ఏమిటి? ఆసుపత్రి పక్కనే ఇల్లు, మంచినీళ్ళ నుయ్యి, సాయంత్రం మాట్లాడుకోవడానికి తోటి నర్సులు. ఇక్కడ రాజమండ్రి లూథరన్ ఆసుపత్రీ ఆ పద్ధతిలో నడిచిందే. ఆ కాంపౌండు సంగతి ఎవ్వరూ ఎత్తరు. మన డాక్టరమ్మకి సాయంత్రం ఆరు దాటితే పలకరించే ప్రాణి లేదు. పలకరించే వాళ్ళల్లా కల్వర్టు మీద కూర్చునే కుర్రాళ్ళు, ఆ పలకరింపులు ఎలాంటివో నువ్వే కనుక్కో.

ఆర్ఎంపీగారిని చూడు. స్టీరాయిడ్ ఇంజక్షన్లు పొడిచేస్తున్నాడని నేను దెబ్బలాడని రోజు లేదు. అయినా జనం ఆయన దగ్గరికే ఎందుకెళ్తారు? రాత్రి పన్నెండింటికి తలుపు కొడితే తీస్తాడు, ఇల్లు ఊళ్ళోనే ఉంది కనక.

ఇంకోటి. చివరి నిమిషంలో తెచ్చిన రోగి పోతే, శవాన్ని గేటు దగ్గర పెట్టి డబ్బుకి బేరమాడే పెద్దమనుషులు మనకీ ఉన్నారు. ఆసుపత్రుల మీదా సిబ్బంది మీదా దాడి చేస్తే జైలని 2008లోనే మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. చట్టం పోలీసులు చూసుకుంటారు. నువ్వు మాత్రం ఆ రాత్రి గేటు దగ్గర నిలబడాలి, వచ్చింది మన పార్టీవాళ్ళయినా సరే. ఒక్కసారి నిలబడితే ఆ కబురు జిల్లా అంతా పాకుతుంది. నర్సులు నర్సులకి చెప్పుకుంటారు.

పీజీకి వెళ్ళిపోతుందని డాక్టరమ్మని ఆడిపోసుకోకు. పీహెచ్‌సీల్లో పనిచేసే వాళ్ళలో చాలామంది ఇన్‌సర్వీస్ కోటాలో పీజీ సీటు మీద ఆశతోనే వస్తారు. ఆ కోటా తగ్గిస్తున్నారనేగా 2024లో, మళ్ళీ 2025లో వాళ్ళు సమ్మెకి దిగింది! ఉన్నన్నాళ్ళూ బాగా చూసుకుంటే వెళ్తూ వెళ్తూ తన జూనియర్‌కి మన ఊరి పేరు చెబుతుంది. నాకు తెలిసినంతలో ఆర్డరు కన్నా అదే బాగా పనిచేస్తుంది.

కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ 1958 నుంచి డాక్టర్లని తయారుచేస్తోంది. 2023లో మా రాజమండ్రికీ 150 సీట్లతో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. సీట్లు పెరిగినంత మాత్రాన లంకగట్టుకి ఎవరూ రారు. జపానువాళ్ళు ఈ చిక్కు చూసి 1972లో జిచి అని ఒక వైద్య విశ్వవిద్యాలయం పెట్టారు. ప్రతి జిల్లా నుంచీ పిల్లల్ని తీసుకుంటారు, చదువు ఖర్చు భరిస్తారు. పట్టా పుచ్చుకున్నాక సొంత జిల్లాకి వెళ్ళి తొమ్మిదేళ్ళు పనిచెయ్యాలి. గడువు తీరాక కూడా చాలామంది సొంత జిల్లాలోనే ఉండిపోతున్నారట. ఊరి పిల్లకి ఊరు భయం ఉండదు కదా.

ఆ లెక్కన మనకీ ఒక పిల్ల ఉంది. తూము పక్కింటి వాళ్ళ రెండోది ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. జీఎన్ఎంలో చేరతానంటుంటే వాళ్ళ నాన్న సంబంధాలు చూస్తున్నాడట. నర్సు ఉద్యోగమంటే రాత్రి డ్యూటీలు, రేపు పెళ్ళి కాదేమోనని ఆయన దిగులు. మూడేళ్ళ చదువే కదా, ఈ ఆదివారం వెళ్ళి కూర్చుని మాట్లాడు. మొదటి ఏడు ఫీజు నేను కడతానన్నానని చెప్పు. అప్లికేషన్ గడువు దాటనివ్వకు.

మీ అత్తయ్య