అడుగు పెట్టిన మనిషికి అనుమానం మిగలకూడదు

చి.సౌ. బుజ్జికి,



దిల్‌సుఖ్‌నగర్ ఫ్లాట్ అమ్మేద్దామనుకుంటున్నారని నీ దగ్గరున్న మీ అమ్మ, మా వదిన, ఫోన్‌లో చెప్పింది. మంచి ఆలోచనే. తాళం పడిన ఇల్లు రోజురోజుకీ పాడవుతుందే తప్ప బాగుపడదు. అయితే వంటిల్లు మొత్తం మార్పించి, హాల్లో ఫాల్స్ సీలింగ్ వేయిస్తే మంచి ధర పలుకుతుందని నువ్వు లెక్కలు వేస్తున్నావట. ఆ పని మాత్రం పెట్టుకోకు. కొనుక్కునేవాళ్లు వాళ్ల ఇష్టానికి ఎలాగూ మార్చుకుంటారు. నువ్వు ఎంచిన రంగు వాళ్లకు నచ్చకపోతే, నువ్వు పెట్టిన లక్షలు వాళ్ల కంటికి పీకి పారేయాల్సిన చెక్కలాగే కనిపిస్తాయి.

మీ మామయ్యా నేనూ ఇల్లు కొనడానికి ఊరంతా తిరిగిన రోజుల్లో గమనించింది చెబుతాను. పాత ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ల కళ్లు లోపాల కోసమే వెతుకుతాయి. గోడ మీద ఒక చెమ్మ మరక కనిపిస్తే, కనిపించనివి ఇంకెన్ని ఉన్నాయోనని మనసులో లెక్క మొదలవుతుంది. ఆ లెక్క అసలు మరమ్మతు ఖర్చును ఎప్పుడో దాటిపోతుంది. అందుకని వాళ్ల అనుమానాలను వాళ్లు అడగకముందే ఒక్కొక్కటిగా తీర్చడం మీద దృష్టి పెట్టు. నీ డబ్బూ ఓపికా అక్కడే ఖర్చు చెయ్యి.

అన్నిటికంటే పెద్ద అనుమానం ‘అమ్మే హక్కు ఎవరిది?’ అన్నది. మీ నాన్న, మా అన్నయ్య, వీలునామా రాయకుండానే పోయాడు. నానమ్మ అంతకుముందే వెళ్లిపోయింది కాబట్టి వదిన, నువ్వు, తమ్ముడు ముగ్గురూ సమాన హక్కుదారులు. రిజిస్ట్రేషన్‌కి ముగ్గురి సంతకాలూ కావాలి. తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తెచ్చుకో. ఇంటి పన్ను ఇంకా నాన్న పేరు మీదే ఉంటే మ్యుటేషన్‌కి దరఖాస్తు పెట్టు. తమ్ముడు అమెరికా నుంచి రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించడం మరచిపోవద్దు. ఇంకో సంగతి. అమ్మకం 50 లక్షలు, ఆపైన అయితే ఇక్కడ ఉండేవాళ్ల వాటా మీద కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ పట్టుకుని కడతారు. విదేశంలో ఉన్నవాడి వాటాకు అది చాలా ఎక్కువ. తక్కువ పట్టుకునేలా ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకునే వీలుంది. తమ్ముణ్ణి ఇప్పుడే ఆడిటర్‌తో మాట్లాడమను.

ఒరిజినల్ దస్తావేజు, లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, మంజూరైన ప్లాను, పన్ను రసీదులు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి బాకీ లేదన్న కాగితం అన్నీ ఒక ఫైల్లో పెట్టు. స్థలంలో మన వాటా ఎన్ని గజాలో పైన పెద్ద అక్షరాలతో రాయి. పాత ఫ్లాట్ కొనేవాళ్లు మొదట అడిగేది అదే. చాలామంది బ్యాంకు లోను మీదే కొంటారు. వాళ్ల లాయరు అడిగిన కాగితం అడిగిన రోజే ఇవ్వగలిగితే బేరం చల్లారదు.

ఇక ఇల్లు. పడకగది పైకప్పు మూల పెచ్చులు ఊడుతున్నాయని పోయినసారి చూశాను. అది పై ఫ్లాట్ బాత్రూం నుంచి దిగుతున్న నీరు. ముందు పైవాళ్లతో మాట్లాడి వాళ్ల వైపు లీకు ఆపించు. గోడ పూర్తిగా ఆరాక పుట్టీ, ఆ తర్వాతే రంగు. తడి గోడకు రంగేస్తే కొద్ది వారాల్లోనే పొక్కుతుంది, వచ్చినవాళ్లు ఆ పొక్కు చూసి నువ్వేదో దాచావనుకుంటారు. నిజంగా దాచడం తప్పు కూడా. మామూలుగా చూస్తే తెలియని లోపం అమ్మేవాడికి తెలిసుంటే కొనేవాడికి చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. లీకు ఎప్పుడు ఆపించావో, ఎవరు చేశారో ఆ బిల్లు ఫైల్లో పెట్టు. దాపరికం లేదని తెలిస్తే మిగతా మాటలు కూడా నమ్ముతారు.

మూసి ఉన్న ఇంట్లో తలుపు తియ్యగానే మురుగు వాసన కొడుతుంది చూడు, దానికి కారణం చిన్నదే. బాత్రూం జాలీ కింద వంపులో నిలిచే నీళ్లే డ్రైనేజీ వాసనను ఆపుతాయి. నెలల తరబడి వాడకపోతే అవి ఆవిరైపోతాయి. ఎవరైనా వస్తున్నారంటే ముందు రోజే ప్రతి జాలీలో, సింకులో, కమోడ్‌లో నీళ్లు పోయించి, కిటికీలు తెరిపించు. రూం ఫ్రెషనర్ ఘుమఘుమలాడిస్తే ఏం కప్పిపుచ్చుతున్నారోనని ఇంకో అనుమానం. బోరు నీళ్ల ఉప్పు పేరుకున్న కుళాయిలను నిమ్మఉప్పుతో తోమించు. యాసిడ్ పోస్తే మరకతోపాటు టైల్స్ సందుల్లోని సిమెంటూ, కుళాయి మెరుపూ పోతాయి. కారే కుళాయిలకు వాషర్లు, వెలగని బల్బులు, పట్టేసిన గడియలు, పగిలిన స్విచ్చులు, చిరిగిన దోమల జాలీ: ప్లంబరు, ఎలక్ట్రీషియను, వడ్రంగి తలో పూట వస్తే తీరిపోయే పనులివి. గోడలన్నిటికీ ఒకే లేత రంగు చాలు.

సామాను సగానికి తగ్గించు. అటకల మీది అట్టపెట్టెలు, బాల్కనీలో తుప్పు పట్టిన కూలరు, ఈశాన్యం మూల పాత పేపర్ల కట్టలు తీయించెయ్యి. ఇప్పుడు ప్రతివాళ్ల ఫోన్‌లోనూ దిక్సూచి ఉంది, ఈశాన్యంలో బరువు కనిపిస్తే అక్కడే ఆగిపోతారు. వాస్తు గురించి నువ్వు వాదనకు దిగకు. దిక్కులు గుర్తుపెట్టిన ప్లాను కాపీ ఒకటి చేతికిస్తే వాళ్ల సిద్ధాంతికి వాళ్లే చూపించుకుంటారు. గుమ్మానికి కట్టిన దిష్టి గుమ్మడికాయ ఎండి వేలాడుతోంది, దించేయించు. గడప కడిగించి, పసుపు రాయించి, ముగ్గు పెట్టించు.

ఇది రాయడానికి నాకూ మనసు రావడం లేదు గానీ, హాల్లో దండ వేసిన మీ నాన్న ఫోటో వదిన దగ్గరికి తీసుకెళ్లిపో. ఎదురుగా ఆ పటం ఉంటే వచ్చినవాళ్లు గొంతు తగ్గించుకుంటారు, అల్మారాలు తెరిచి చూడటానికి మొహమాటపడతారు. ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. దేవుడి గదిలోని విగ్రహాలు కూడా పూజ చేసి ముందే తరలించు.

మన బాల్కనీ తూర్పు ముఖం కాబట్టి ఉదయం తొమ్మిది, పది మధ్య రమ్మను. ఫోటోలు కూడా ఆ వెలుగులోనే తియ్యి. వచ్చినవాళ్ల వెంట గది గదికీ తిరుగుతూ గొప్పలు చెప్పకు. కుళాయి తిప్పనీ, బాల్కనీలో నిలబడి వాళ్లలో వాళ్లు గుసగుసలాడుకోనీ. ఎండాకాలం బోరు ఆగుతుందా, ట్యాంకరు పిలుస్తారా, పార్కింగు ఎక్కడ, నెల మెయింటెనెన్స్ ఎంత అన్న నాలుగింటికీ సూటిగా జవాబు చెప్పు. నీ దగ్గర విన్నవన్నీ కిందికి దిగి వాచ్‌మన్‌ని మళ్లీ అడుగుతారు. రెండు చోట్లా ఒకే మాట రావాలంటే నువ్వు నిజం చెప్పడమొక్కటే మార్గం.

ధర విషయంలో మీకు ఎంత కావాలన్నది ఎవరికీ పట్టదు. ఆ వీధిలో ఈమధ్య అమ్ముడైన ఫ్లాట్లు ఎంతకు పోయాయో కనుక్కో. అంతకు తగ్గకూడదన్న అంకె మీ ముగ్గురి మధ్యే ఉండాలి, మీడియేటరుకి కూడా తెలియకూడదు. అతని కమిషన్ మొదటి రోజే తేల్చుకో. అడ్వాన్సు బ్యాంకు ద్వారానే తీసుకో. 20,000 గానీ అంతకుమించి గానీ నగదు తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా కట్టాల్సి రావచ్చు.

జూన్‌లో బడులు తెరిచేలోగా ఇల్లు మారాలని పిల్లలున్నవాళ్లు చూస్తారు. ఆషాఢంలో, మూఢంలో అగ్రిమెంటు మాట ఎత్తేవాళ్లు తక్కువ. అప్పుడు ఎవరూ రాలేదని కంగారుపడి ధర దించకు. శ్రావణంలో మళ్లీ ఫోన్లు మొదలవుతాయి.

పెయింటర్‌కి ఫోన్ చేసే ముందు తమ్ముడికి చెయ్యి. ధర, వాటాలు, ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ముగ్గురూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. కొనడానికి వచ్చినవాళ్ల ఎదుట అక్కాతమ్ముళ్లు చెరో అంకె చెబితే, ఎంత అద్దంలా తుడిచిన ఇల్లయినా అమ్ముడుపోదు.

ఆశీస్సులతో,
అత్తయ్య