వ్యాయామము: ఒక మాట, పెక్కు అర్థాలు

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు తీరంలో తెల్లవారుజామున నిలబడినవారికి రెండు రకాల మనుషులు కనిపిస్తారు. మొదటివారు టెక్కలి వంటి ఊళ్ళ నుండి వచ్చి, కాళ్ళకు బూట్లు తొడుక్కుని, తడి ఇసుక మీద చేతులూపుతూ నడిచేవారు. రెండవవారు తెప్పను ఒడ్డుకు చేర్చి, తడిసిన తాడును భుజాన వేసుకుని, వెనుకకు వాలి వల లాగేవారు. ఇద్దరికీ చెమట పడుతుంది. ఇద్దరికీ ఊపిరి వేగమవుతుంది. నడిచేవానిని అడిగితే తాను వ్యాయామం చేస్తున్నానంటాడు. వల లాగేవానిని వైద్యుడు "వ్యాయామం ఏమైనా చేస్తున్నావా నాయనా?" అని అడిగితే, "పొద్దస్తమానం తాడు లాగుతూనే ఉన్నాను గదా బాబూ, మళ్ళీ వ్యాయామం ఏటి?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. ఈ ప్రశ్న తేలికైనది కాదు. దీనికి సమాధానం చెప్పవలెనంటే ముందుగా మాట దగ్గర మొదలుపెట్టవలెను.

వి, ఆ అనే రెండు ఉపసర్గలు 'యమ్' ధాతువుతో చేరగా వ్యాయామ శబ్దం ఏర్పడినది. యమ్ అంటే అదుపు చేయుట, నిలిపి పట్టుట. యమము, నియమము, సంయమము అన్నీ దాని సంతానమే. అదే ధాతువుకు 'ఆ' చేరగానే చాచుట, పొడిగించుట అనే అర్థం వస్తుంది. ఆయామము అంటే నిడివి. ప్రాణాయామంలో ఉన్నది ఈ ఆయామమే. కనుక వ్యాయామంలో చాచడమూ ఉన్నది, అదుపూ ఉన్నది. ఈ రెండింటిలో ఏది లోపించినా అది వ్యాయామం కాదని మాటే చెబుతున్నది. ఆయుర్వేదంలో అంతరాయామము, బహిరాయామము అని రెండు వాతవ్యాధులు చెప్పబడినాయి. వాటిలో శరీరం ముందుకో వెనుకకో వింటివలె వంగి బిగుసుకుపోతుంది. అదుపు తప్పిన చాపు రోగం. అదుపులో ఉన్న చాపు వ్యాయామం.

ఇదే కుటుంబానికి చెందిన మరొక మాట 'వ్యామము'. రెండు చేతులనూ అడ్డంగా బార్లా చాచినప్పుడు ఈ వ్రేలి కొన నుండి ఆ వ్రేలి కొన వరకు ఉండే దూరాన్ని అమరకోశం ఈ పేరుతో చెప్పినది. మన తెలుగులో దీనినే 'బార' అంటాము. సూర్యుడు బాగా పైకి వచ్చినాడనడానికి "బారెడు పొద్దెక్కింది" అనని ఇల్లు తెలుగునాట లేదు. సముద్రపు లోతునూ తాడు పొడవునూ బారలతో లెక్కించే బెస్తవారి నోట ఈ కొలత నేటికీ సజీవంగా ఉన్నది. సంస్కృత నిఘంటువులో వ్యాయామం పక్కింటి మాట, మన తీరంలో తాడు కొలిచే మాట ఒకే భంగిమకు రెండు పేర్లని తెలిసినప్పుడు కలిగే ఆనందం వేరు.

ఈ బార వైద్యానికి కూడా పనికివస్తుంది. ఎవరి అంగుళాలతో వారిని కొలిస్తే శరీరం ఎత్తు 84 అంగుళాలనీ, ఆయామ విస్తారాలు సమానంగా ఉన్న దేహం ఉత్తమమనీ చరకుడు చెప్పాడు. ఇంట్లో మీరు గోడకు వీపు ఆనించి నిలబడి, రెండు చేతులనూ భుజాల ఎత్తున బార్లా చాచండి. చేతుల వెనుకభాగం శ్రమ లేకుండా గోడకు తగలవలెను. ఒక భుజం పైకి లేవక ఆగిపోతే, ఆ చేతితో జడ వేసుకోవడం, వీపు రుద్దుకోవడం కష్టమవుతుంటే, భుజపు కీలు బిగుస్తున్నదని గ్రహించవలెను. మధుమేహం ఉన్నవారిలో ఇది ఇతరుల కంటే ఎక్కువ. రక్తంలో చక్కెర ఎంత ఉన్నదో ఎన్నడూ చూపించుకోని వారికి ఇది పరీక్ష చేయించుకోవడానికి తగిన కారణం.

సంస్కృతం నుండి తెలుగు వాడుకలోకి దిగితే మాటలు ఇంకా పెక్కు. కర్రసాము, కత్తిసాము అనేటప్పటి 'సాము'లో ఆయుధాభ్యాసం ఉన్నది. 'గరిడీ' సాము నేర్పే చోటు. తాలింఖానా పారసీక సంపర్కంతో వచ్చినది. 'కసరత్తు' అరబ్బీలో ఆధిక్యమనే అర్థం గల మాట నుండి ఉర్దూ ద్వారా మనకు చేరినది. ఒకే కదలికను ఎక్కువసార్లు చేయడమని భావం కాబోలు. ఇప్పుడు పత్రికలలో మంత్రివర్గ విస్తరణ మీద కసరత్తు, అభ్యర్థుల జాబితా మీద కసరత్తు జరుగుతున్నవి. చెమట చుక్క రాలని కసరత్తు ఇది ఒక్కటే.

సాము గరిడీల ప్రస్తావన వచ్చినప్పుడు కోడి రామమూర్తి నాయుడు గారిని తలచుకోకుండా ఉత్తరాంధ్రలో ఎవరూ ముందుకు సాగలేరు. వీరఘట్టంలో జన్మించి, విజయనగరంలో పెరిగి, అక్కడే వ్యాయామ ఉపాధ్యాయులుగా పనిచేసి, తరువాత సర్కసు నడిపి, 'కలియుగ భీముడు' అనిపించుకున్న వారు 1942లో కన్నుమూశారు. ఛాతీకి కట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచినారన్నది అందరికీ తెలిసిన కథ. ఆయన కండలను చూసి చెప్పుకునే కథ అది. మనం గమనించవలసినది ఊపిరిని. వారు శాకాహారులు. ప్రాణాయామాన్ని సాధన చేసినవారు. వ్యాయామంలోని ఆయామాన్నీ, ప్రాణాయామంలోని ఆయామాన్నీ ఒకే దేహంలో చూపించినవారు.

ఆంగ్లంలోని 'ఎక్సర్‌సైజ్' అనే మాట లాటిను నుండి వచ్చినది. దానికి ఊరక ఉండనీయక పనిలో పెట్టుట అని మూలార్థం. పశువును కట్టు విప్పి పనికి తోలడమనే భావం దాని వెనుక ఉండవచ్చునని కొందరు ఊహించారు. ఆ ఒక్క మాటను మనం తెలుగులో సందర్భాన్ని బట్టి పలు విధాలుగా చెప్పుకోవలెను. పాఠ్యపుస్తకంలో అధ్యాయం చివర వచ్చేది అభ్యాసం. నౌకాదళం చేసేది విన్యాసం. విశాఖపట్నంలో 2022లోనూ 2024లోనూ జరిగిన 'మిలన్' అటువంటిదే. ఓటు హక్కు విషయంలో అది వినియోగం. భక్తుని విషయంలో సాధన. అన్నిటినీ వ్యాయామం అనే అనువాదకులు లేకపోలేదు. అయితే అది పూర్తిగా తప్పని కూడా అనలేము. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాజు పూనుకున్న కార్యాన్ని సాధించే ఉద్యమాన్ని వ్యాయామమనే పిలిచాడు. దానికి జంటగా 'శమము'ను, అంటే సాధించిన దానిని నెమ్మదిగా అనుభవించే స్థితిని చెప్పాడు. బుద్ధుని అష్టాంగ మార్గంలో ఆరవది సమ్యక్ వ్యాయామం. అక్కడ కదిలేది కాలూ చేయీ కాదు, మనస్సు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద స్తూపాల మధ్య ఒకప్పుడు భిక్షువులు ఈ మాటను వల్లించే ఉంటారు.

ఇక భావనపాడు ప్రశ్నకు వద్దాము.

చరకుడు వ్యాయామానికి చెప్పిన లక్షణంలో నాలుగు అంశాలు ఉన్నవి. అది శరీరం చేసే చేష్ట కావలెను. మనసుకు ఇష్టమై ఉండవలెను. దేహానికి స్థిరత్వాన్ని, బలాన్ని ఇవ్వవలెను. మాత్ర ప్రకారం, అంటే తగిన కొలతలో చేయవలెను. వల లాగడంలో మొదటిది సంపూర్ణంగా ఉన్నది. బలమూ కొంత వస్తుంది. లేనిది మాత్ర. చేప పడిన రోజున ఒళ్ళు బాగులేదని తాడు వదలడం కుదరదు. పడని రోజున మరొకసారి వల వేయక తప్పదు. కొలతను నిర్ణయించేది దేహం కాదు, సముద్రం. పైగా నడుము వంగేది ఎప్పుడూ ఒకే వైపు, భారం పడేది ఎప్పుడూ అదే భుజం మీద. అందుచేత అది శ్రమ అవుతుందే కాని వ్యాయామం కాదు.

ఇదే జిల్లాలోని ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సులో కాంస్య పతకం గెలిచినప్పుడు ఎత్తిన మొత్తం బరువు 240 కిలోలు. ఒక పద్ధతిలో 110, మరొక పద్ధతిలో 130. ఒక్కొక్క ఎత్తుకు పట్టిన కాలం కొన్ని క్షణాలు. దాని వెనుక ఏళ్ళ తరబడి కొలిచిన బరువు, కొలిచిన విశ్రాంతి, కొలిచిన ఆహారం ఉన్నవి. రోజంతా లెక్కచూస్తే బెస్తవాడు అంతకంటే ఎక్కువ బరువే లాగుతాడు. వాని విశ్రాంతిని మాత్రం ఎవరూ కొలవలేదు.

మాత్ర ఎంత? దీనికి మన ఆచార్యులు ఇచ్చిన కొలబద్ద 'అర్ధశక్తి'. తన బలంలో సగం వరకే చేయవలెను. సగమైనదని తెలిసేదెట్లా? హృదయస్థానంలోని వాయువు నోటికి వచ్చినప్పుడు, అనగా ముక్కుతో ఊపిరి చాలక నోరు తెరవవలసి వచ్చినప్పుడు అని సుశ్రుతుడు చెప్పాడు. నుదుట, ముక్కున, చంకలలో, కీళ్ళ వద్ద చెమట పట్టడం, నోరు ఎండడం మిగిలిన గుర్తులు. నేటి వైద్యులు చెప్పే పరీక్ష దీనికి ఎంతో దగ్గర: నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగవలెను, పాట పాడలేకపోవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమను సూచించినది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిచినా కనీసపు లెక్క సరిపోతుంది. ఛాతీలో బిగువు, ఎడమ చేతిలోనికో దవడలోనికో పాకే నొప్పి, కళ్ళు తిరగడం కలిగితే అది అర్ధశక్తి గుర్తు కాదు. వెంటనే ఆగి, ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళవలెను.

అర్ధశక్తి నియమం బలవంతులకు, నెయ్యి నూనెలు తినేవారికి, అదీ చలికాలంలోను వసంతంలోను వర్తించేది. మిగిలిన కాలాలలో ఇంకా తక్కువ చేయవలెనని వాగ్భటుని మాట. అతిగా చేసేవాడు ఏనుగును ఈడ్చబోయిన సింహంవలె నశిస్తాడని కూడా హెచ్చరిక ఉన్నది. మన తీరంలో వేసవి పొడి వేసవి కాదు. గాలిలో తేమ వలన చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. పొరుగున నౌపడ ఉప్పు మళ్ళలో పనిచేసేవారికి పై నుండి ఎండ, కింద నుండి తెల్లని ఉప్పు మీద పడి ఎగసే కాంతి. అతి వ్యాయామం వలన దప్పిక, క్షయం, రక్తపిత్తం, జ్వరం కలుగుతాయని శాస్త్రం చెప్పినది ఇటువంటి స్థితికి బాగా వర్తిస్తుంది.

ఇక్కడ ఒక గంభీరమైన సంగతి చెప్పవలసి ఉన్నది. టెక్కలికి ఉత్తరాన పలాస, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మొదలైన ఉద్దానం మండలాలలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇళ్ళను కుదిపినదో పాఠకులకు తెలుసు. కారణం ఇదీ అని తేలకపోయినా, నీరు చాలకుండా ఎండలో చేసే కఠిన శ్రమను కూడా పరిశోధకులు అనుమానిస్తున్నారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైనది. ఈ ప్రాంతంలో కష్టపడి పనిచేసేవారు ఒళ్ళు నొప్పులకు మందుల దుకాణంలో నొప్పి మాత్రలు కొని రోజూ మింగడం మిక్కిలి ప్రమాదకరం. ఆ మాత్రలు నీరు తగ్గిన దేహంలో మూత్రపిండాలను మరింత దెబ్బతీస్తాయి. భస్మాలు, లోహ ఔషధాలు కూడా వైద్యుని పర్యవేక్షణ లేక తినరాదు. ఏడాదికొకసారి రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవలెను.

మధుమేహం ఉన్నవారికి సుశ్రుతుడు చెప్పిన చికిత్స ఆశ్చర్యం కలిగిస్తుంది. ధనం లేని ప్రమేహ రోగి చెప్పులు, గొడుగు లేకుండా, భిక్షాన్నం తింటూ నూరు యోజనాలు నడవవలెనట; లేదా బావి త్రవ్వవలెనట. నడక విషయంలో ఆచార్యుని మాట శిరోధార్యమే. చెప్పుల విషయంలో మాత్రం ఈనాటి అనుభవం వేరు. మధుమేహంలో అరికాళ్ళకు స్పర్శ తగ్గుతుంది. ఇసుకలోని గవ్వ ముక్క గుచ్చుకున్నా తెలియదు. పుండు పడితే కాలికే ముప్పు. కనుక భావనపాడు ఇసుక ఎంత మెత్తగా ఉన్నా వారు చెప్పులు విడువరాదు. ఇంటికి చేరగానే అరికాళ్ళను అద్దంలో చూసుకోవలెను.

బెస్తవారికి ప్రత్యేకంగా ఒక సూచన. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. రెండు నెలలు ఊరక ఉన్న దేహాన్ని జూన్ 15న ఒక్కసారిగా పూర్తి శ్రమలోకి దింపడం వలన నడుము పట్టేస్తుంది. అలవాటును మార్చుకునేటప్పుడు పాదాంశంగా, అంటే నాలుగవ వంతు చొప్పున మార్చుకోవలెనని శాస్త్రం. నిషేధం ముగియడానికి నెల ముందు నుండే చల్లని వేళ నడక, బస్కీలు మొదలుపెట్టి, వారానికి కొంచెంగా పెంచవలెను. వేట రోజులలో పని ముగిసిన తరువాత లాగిన దిశకు ఎదురుగా దేహాన్ని చాచడం అవసరం: చేతులు బార్లా చాచి ఛాతీ విప్పడం, బోర్లా పడుకుని ఛాతీని మెల్లగా పైకెత్తడం. వానికి కావలసిన వ్యాయామం ఇదే. పది నిమిషాలు చాలును.

వ్యాయామం తరువాత దేహాన్ని సుఖంగా మర్దించవలెనని చెప్పబడినది. దీనికి ఇంట చేసుకొనదగిన తైలం: 100 మిల్లీలీటర్ల నువ్వుల నూనెకు 400 మిల్లీలీటర్ల వావిలాకు రసం కలిపి, సన్నని సెగ మీద నీరంతా ఇగిరి చిటపట శబ్దం ఆగే వరకు కాచి వడపోయవలెను. గోరువెచ్చగా నడుముకు, భుజాలకు రాసి, అరగంట ఆగి పెసరపిండితో రుద్దుకుని, వేడినీటి స్నానం చేయవలెను. గాయాల మీద, వాపు ఎర్రబడి వేడిగా ఉన్న కీళ్ళ మీద, జ్వరంలోను రాయరాదు. దప్పికకు చోడి అంబలిలో పలుచని మజ్జిగ, చిటికెడు ఉప్పు కలిపి త్రాగవచ్చును. రక్తపోటు ఉన్నవారు ఉప్పు మానవలెను. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు అంబలి, మజ్జిగలే కాక రోజుకు ఎంత నీరు త్రాగవచ్చునో కూడా తమ వైద్యుని అడిగి తెలుసుకోవలెను.