బ్లాక్ హోల్, బిగ్ బ్యాంగ్ – ధమ్మంలో వెతకాల్సినవేనా?



విహారంలో వందన అయ్యాక నలుగురూ కూర్చున్నప్పుడు ఈమధ్య ఒక మాట తరచుగా వినబడుతోంది. "బ్లాక్ హోల్ అంటే మన శూన్యతే, తథాగతుడు 2500 ఏళ్ళ కిందటే చెప్పేశాడు" అని. ఇంకొకరు విశ్వమంతా బ్లాక్ హోల్ లోంచే పుట్టిందంటారు, ఫోన్లో వీడియో చూపిస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ "అంతా మా శాస్త్రాల్లో ముందే ఉంది" అనే మాట ఇంతకుముందు ఎవరి నోట విన్నాం మనం? ఆ మాటతోనే కదా తరతరాలుగా మన నోళ్ళు మూయించారు!

ముందు విషయం తెలుసుకుందాం. బ్లాక్ హోల్ ఖాళీ జాగా కాదు. చాలా పెద్ద నక్షత్రం ఇంధనం అయిపోయాక తన బరువుకు తానే కుంగిపోతే, కాంతి కూడా బయటపడలేని చోటు ఏర్పడుతుంది. సూర్యుడికి అంత బరువు లేదు, కాబట్టి అతను ఎప్పటికీ బ్లాక్ హోల్ కాడు. అన్నిటినీ లాగేసి మింగుతుందనడమూ సరికాదు. సూర్యుడి స్థానంలో అంతే బరువున్న బ్లాక్ హోల్ ఉన్నా భూమి ఇదే దారిలో తిరుగుతుంది (మనం మాత్రం చలికి చస్తాం, అది వేరే సంగతి). మన పాలపుంత నడుమ సూర్యుడికి సుమారు 40 లక్షల రెట్లు బరువైనది ఒకటి ఉంది. ఎం87 అనే గెలాక్సీలో ఉన్నదాని చిత్రాన్ని 2019 ఏప్రిల్ 10న లోకానికి చూపించారు. శూన్యత అంటే ఏదీ తనంతట తాను నిలబడదని, కారణాలను ఆశ్రయించి ఉంటుందని. ఈ రెండిటికీ చుట్టరికం లేదు.

1930లో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ అనే 19 ఏళ్ళ కుర్రవాడు ఇంగ్లండు వెళ్ళే ఓడలో లెక్కలు కట్టాడు. చల్లారిన నక్షత్రం ఒక హద్దు దాటి బరువుంటే నిలవలేదని తేల్చాడు. ఆ హద్దు సూర్యుడి బరువుకు దాదాపు 1.4 రెట్లు. 1935లో ఎడింగ్టన్ అంతటి పెద్దాయన సభలోనే దాన్ని ఎగతాళి చేశాడు. చివరికి నిలిచింది లెక్కే. 1983లో చంద్రశేఖర్‌కు నోబెల్ వచ్చింది. గురువు చెప్పాడని నమ్మవద్దని కాలాములకు బుద్ధుడు చెప్పింది ఇలాంటి చోటే పనికొస్తుంది.

గెలాక్సీలు దూరం జరుగుతున్నాయని 1929లో హబుల్ చూపించాడు. విశ్వం వయసు సుమారు 1380 కోట్ల ఏళ్ళని ఇప్పటి లెక్క. అంతకు ముందేముంది? శాస్త్రవేత్తలూ ఊహిస్తారు. మనమూ ఊహించవచ్చు, తప్పేం లేదు. ఆ ఊహను ధమ్మమని పిల్లలకు చెప్పడమే తప్పు. ఊహాగానం మీద నిలిచినది నిజమైన ధమ్మం కాదని బాబాసాహెబ్ 'బుద్ధుడు–ఆయన ధమ్మం'లో విడిగా ఒక భాగమే రాశారు.

లోకం శాశ్వతమా, అంతమున్నదా అని మాలుంక్యపుత్తుడు పట్టుబట్టినప్పుడు తథాగతుడు జవాబివ్వలేదు, విషబాణం తగిలినవాడి కథ చెప్పాడు. ఆ గాయపడ్డవాడు ముందు అడిగేదేమిటో గమనించారా? బాణం వేసినవాడు ఖత్తియుడా, బ్రాహ్మణుడా, వేస్సుడా, సుద్దుడా అని! ప్రాణం పోతున్నా కులమే కావాలి వాడికి.

ఇక అగ్గఞ్ఞ సుత్తం. లోకం ముడుచుకుంటుంది, మళ్ళీ విచ్చుకుంటుంది అని అందులో ఉంది నిజమే. దాన్ని పట్టుకుని ఇదే బిగ్ బ్యాంగ్ అంటారు మనవాళ్ళు. కానీ ఆ సుత్తం ఎవరికి, ఎందుకు చెప్పాడు? వాసెట్ఠుడు, భారద్వాజుడు అనే ఇద్దరు బ్రాహ్మణ పుట్టుక గలవాళ్ళు సంఘంలో చేరాలని వస్తే, వాళ్ళ కులంవాళ్ళు తిట్టిపోశారు. మేం బ్రహ్మ నోట్లోంచి పుట్టాం, మీరు చెడిపోయారు అని. బ్రాహ్మణ స్త్రీలూ కడుపుతో ఉండి కనడం లోకమంతా చూస్తూనే ఉంది కదా అన్నాడు బుద్ధుడు. ఆ తర్వాతే లోకం కథ. వరి దాచుకోవడం, పొలానికి గట్లు వేయడం, దొంగతనం, రాజును ఎన్నుకోవడం, చేసే పనిని బట్టి వర్ణాలకు పేర్లు రావడం. నక్షత్రాల గురించి కాదు, కులాన్ని ఏ దేవుడూ పుట్టించలేదని చెప్పడానికి ఆ కథ.

వచ్చే పౌర్ణమికి ఈ సుత్తం ఇంట్లో చదువుకుని రండి. వరి దాచుకోవడానికీ మొదటి దొంగతనానికీ సంబంధమేమిటో అక్కడ మాట్లాడుకుందాం.