ఆసనము – నిర్వేదము

మైసూరున శ్రీ పట్టాభి జోయిస్ (1915–2009) నేర్పిన అష్టాంగ విన్యాస పద్ధతి మిక్కిలి కఠినము. ఆసనముల వరుస మార్చరాదు. ఒకటి కుదిరిన గాని గురువు మరియొకటి చెప్పడు. వారమున ఆరు దినములు అభ్యాసము. పూర్ణిమ, అమావాస్యలు విరామము. (మా పాఠశాలలలోను ఆ దినములు అనధ్యయనములే.)

ఏండ్ల తరబడి ఇట్లు సాధన చేసి, మోకాళ్లు, భుజములు నొచ్చి, యోగమునందే సారము లేదని విసిగి మానినవారు దేశవిదేశములలో గలరు. వారి బాధ నిజము. నిర్ణయము మాత్రము తొందరపాటు. విసుగు వైరాగ్యము కాదు.

పతంజలి ఆసనమును వివరించినది మూడే సూత్రములలో. స్థిరత్వమును, సుఖమును కోరెనే గాని వరుస నేదియు విధింపలేదు. వానికి సరిగా ముందున్న సూత్రము చూడుడు: ఈశ్వరప్రణిధానము వలన సమాధి సిద్ధించునని యున్నది. శరణాగతి నెరిగిన వైష్ణవులకు ఈ మాట క్రొత్తది కాదు.

జోయిస్ గారి గురువులు తిరుమలై కృష్ణమాచార్యులు (1888–1989) శ్రీవైష్ణవులే. 1930లలో మైసూరున బాలురకు శ్రమతో కూడిన విన్యాసములు నేర్పిన వారే, తరువాత మద్రాసున వృద్ధులకు, రోగులకు దేహబలమును బట్టి వేర్వేరుగ నేర్పిరి. గురువే సడలించిన దానిని మార్చరాదనుట నాకు విచిత్రముగ తోచును.

మోకాలు నొచ్చినవారు ఆ వరుసను నిస్సంకోచముగ విడువవచ్చును. పీటపైనైనను, గోడ కానుకొనియైనను సుఖముగ కూర్చుండి, ప్రాతఃకాలమున కేశవాది ద్వాదశనామములను నెమ్మదిగ స్మరింపవచ్చును.