రాత్రిపూట బేటరీని తాగేదెవరు?

చలికాలం సోమవారం పొద్దున్నే నర్సీపట్నంలో చింతపల్లి రోడ్డు పట్టుకుంటే, ఎక్కడో ఒకచోట నలుగురు చేరి పికప్ బండిని నెడుతూ కనిపిస్తారు. సెల్ఫ్ కొడితే టిక్కుమని ఊరుకుంటుంది. లంబసింగి ఘాటీ ఎక్కాల్సిన బండి అక్కడే ఆగిపోతే ఆ రోజు కిరాయి పోయినట్టే.

అలాంటి పాత డీజిల్ పికప్ ఒకటి మెకానిక్ షెడ్డుకు వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఏడాదిలో రెండు బేటరీలు మార్చారట. "ఇంకోటి కొనమంటావేటి బాబూ?" అని ఓనరు అడిగాడు. ఐటీఐ చదివిన కుర్రాడు మీటరు తీశాడు. ఛార్జి పెట్టి తీశాక బేటరీ 12.6 వోల్టులు చూపించింది, అంటే నిండుగానే ఎక్కింది. ఇంజను ఆన్ చేస్తే 14 దాటింది, అంటే ఛార్జింగూ బాగానే ఉంది. "బేటరీ మంచిదేనండీ. రాత్రిపూట ఎవరో తాగేస్తున్నారు" అన్నాడు.

ఇంజను ఆపి, తాళం తీసి, తలుపులు మూసి, లైట్లు చూసుకున్నాడు. బేటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, ఆ వైరుకూ టెర్మినల్‌కూ మధ్యలో మీటరును 10 ఆంపియర్ల పోర్టులో పెట్టాడు. 0.6 ఆంపియర్లు! పాత బండికి 0.05 లోపు ఉంటే పర్లేదు. 0.6 అంటే రోజుకు 14 ఆంపియర్ అవర్లకు పైనే. శని, ఆదివారాలు బండి తీయకపోతే 60 ఆంపియర్ అవర్ల బేటరీ సగం ఖాళీ అయిపోతుంది. అలా మాటిమాటికీ ఖాళీ అయితే ఎంత కొత్త బేటరీ అయినా పాడవుతుంది.

ఒక్కో ఫ్యూజూ పీకుతూ మీటరు చూశాడు. టేపు ఫ్యూజు, డోమ్ లైటు ఫ్యూజు, హారన్ ఫ్యూజు, దేనికీ అంకె కదల్లేదు. చాలామంది ఇక్కడే చేతులెత్తేసి కొత్త బేటరీ అమ్ముతారు. కుర్రాడు మాత్రం కాస్త ఆగి ఆలోచించాడు. ఫ్యూజుల పెట్టెను దాటి నేరుగా బేటరీకి వెళ్లే లావు వైరు ఏది? ఇంజను నడిచేటప్పుడు బేటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరుది. రాత్రంతా ఆగి ఉన్న బండిని నెట్టుకుంటూ తెచ్చారు, ఇంజను ఆన్‌లో ఉన్నది నిమిషమే. అయినా ఆల్టర్నేటరుపై అరచేయి పెడితే వెచ్చగా తగిలింది. బేటరీ తప్పించి ఆల్టర్నేటరు వైరు విప్పి, బేటరీని మళ్లీ మీటరుతో కలిపి చూస్తే మీటరు 0.02 దగ్గర ఆగింది. ఆల్టర్నేటరు లోపల, కరెంటును ఒకవైపే పోనివ్వాల్సిన డయోడు లీకవుతోంది. బేటరీ మార్చలేదు, డయోడ్ ప్లేటు మార్చారు.

పదో తరగతి తర్వాత ఏం చేయాలని అడిగే పిల్లలకు నేను ఈ పనినే చూపిస్తాను. సామాను మార్చడం చాలామందికి వచ్చు, తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం కొద్దిమందికే వచ్చు. ఐటీఐలో మోటారు వెహికల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్ ట్రేడులు రెండేళ్లవి. సైన్స్, లెక్కలతో పదో తరగతి పాసైతే చేరొచ్చు. మీకు దగ్గర్లో కుదరకపోతే విశాఖ కంచరపాలెంలోని ప్రభుత్వ ఐటీఐలో ఏ ట్రేడులు ఉన్నాయో కనుక్కోండి. చదువయ్యాక 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండుతో శిక్షణ దొరుకుతుంది. షెడ్డులో చేరేవాళ్లు మాత్రం పని నేర్పే మేస్త్రీ మీటరు వాడతాడా, వైరు కోసి అంటించి సరిపెడతాడా అన్నది చూసి చేరండి. వైరింగ్ డయాగ్రం చదవడం, ఓమ్ సూత్రం వాడటం పాత బళ్ల మీదే తేలిగ్గా పట్టుబడతాయి. కొత్త బళ్లలో కంప్యూటర్లు నిద్రలోకి వెళ్లేదాకా అరగంటైనా ఆగి కొలవాలి. బేటరీతోనే నడిచే ఎలక్ట్రిక్ బళ్లలో హై వోల్టేజీ ఉంటుంది, దానికి శిక్షణ లేకుండా చేయి పెట్టకూడదు.

మొదటి అభ్యాసం ఇంట్లో మోటారు సైకిలు మీదే చేయొచ్చు. తాళం తీసేసి, నెగటివ్ వైరు విప్పి, మధ్యలో మీటరు పెట్టండి. ఆ సమయంలో సెల్ఫ్ మాత్రం నొక్కకండి, మీటరు ఫ్యూజు పోతుంది. వచ్చిన అంకె, తేదీ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. వచ్చే నెల మళ్లీ కొలిచి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.