ఇంటి చల్లదనమునకు ప్రభుత్వ సహాయము: అప్పు చేయుటకు ముందు కట్టవలసిన లెక్క



వేసవి సమీపించినతోడనే గ్రామములయందు సైతము శీతల యంత్రములు కొనువారు కనబడుచున్నారు. "ఇది కొన్నచో సర్కారు సొమ్ము తిరిగి యిచ్చును" అన్న మాట చెవిని బడినంతనే అప్పుపత్రము వ్రాయుటకు సిద్ధపడువారును కలరు. అమెరికాలోనున్న బిడ్డలు తమ యింటికి పన్ను తగ్గినదని చెప్పగా, అట్టిది మనకును కలదా యని యడుగువారును కలరు. కావున నీ నెల పాఠమున ఇట్టి సహాయములందలి భేదములను, వానిని లెక్కించు విధమును వివరించుచున్నాము.

సహాయము ముఖ్యముగా మూడు విధములు. మొదటిది ఆదాయమునుండి మినహాయింపు. రెండవది చెల్లించవలసిన పన్నునుండి తగ్గింపు. మూడవది రొక్కముగా నిచ్చు రాయితీ. ఈ మూడును ఒక్కటి కావు. నూటికి 12 వంతున పన్ను కట్టువానికి 2000 డాలర్ల మినహాయింపు లభించినచో మిగులునది 240 డాలర్లు మాత్రమే. అదే 2000 డాలర్లు పన్నునుండి తగ్గించినచో, పన్ను అంతకు తక్కువ కానియెడల, మొత్తము మిగులును. రాయితీకి పన్నుతో నిమిత్తము లేదు.

అమెరికా దేశమున నీ పద్ధతి క్రొత్తది కాదు. చమురు కొరత యేర్పడిన పిమ్మట 1978 లో చేసిన చట్టముచే, ఇంటి వేడి బయటకు పోకుండ కప్పులకును గోడలకును పొరలు వేయించుకొన్నవారికి, మొదటి 2000 డాలర్ల ఖర్చుపై నూటికి 15 వంతున, 300 డాలర్లకు మించకుండ పన్ను తగ్గించిరి. అది 1985 తో ముగిసెను. 2006 లో అట్టిదే మరల వచ్చెను. 2022 ఆగస్టు నాటి చట్టమువలన, 2023 మొదలుకొని ఖర్చులో నూటికి 30 వంతులు తగ్గింపు లభించెను. పొరలు, కిటికీలు మొదలగువానికి ఏటికి 1200 డాలర్లును, హీట్ పంపునకు 2000 డాలర్లును పరిమితి.

హీట్ పంపు అనగా నేమి? నూతిలోని నీటిని మోటార్ పంపు పైకి తెచ్చునే గాని నీటిని పుట్టించదు. అట్లే యీ యంత్రము వేడిని పుట్టించక, చలికాలమున బయటి వేడిని లోనికిని, వేసవిలో లోపలి వేడిని బయటకును చేర్చును. అందుచే ఒక పాలు విద్యుత్తుతో రెండు మూడు పాళ్ల వేడి చేరును.

ఇక లెక్క చూడుడు. 10,000 డాలర్ల యంత్రమునకు నూటికి 30 అనగా 3000. కాని పరిమితి 2000. ఆ యేడు 800 డాలర్లే పన్ను కట్టవలసిన వానికి 800 మాత్రమే దక్కెను. మిగిలిన 1200 మరుసటి యేటికి సాగలేదు. అనగా పేదవానికంటె పన్ను హెచ్చుగా కట్టువానికే మేలు హెచ్చు. ఆ లోపము తీర్చుటకే అల్పాదాయ కుటుంబములకు హీట్ పంపుపై 8000 డాలర్ల వరకు రాయితీ, రాష్ట్రముల ద్వారా, ఆ చట్టమునందే వేరుగా నేర్పరచిరి.

2025 జూలై 4 నాటి చట్టమువలన పై పన్ను తగ్గింపు 2025 డిసెంబరు 31 తో ముగిసెను. ఆ గడువులోపల సొమ్ము చెల్లించినను, యంత్రము బిగించుట పూర్తి కానిచో ఫలము లేదు. బయానా తేదీ వేరు, పని ముగిసిన తేదీ వేరు. ఈ సంగతి మనమును మరువరాదు.

మన దేశమున వ్యవసాయాదాయముపై కేంద్ర ఆదాయపు పన్ను లేదు. సేద్యమే జీవనాధారమైన రైతునకు పన్ను తగ్గింపు ఎంత గొప్పదైనను చేతికి రాదు, రాయితీయే చేతికందును. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకమట్టిది. ఇంటి కప్పుపై సౌరఫలకములకు మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటునకు 30,000 రూపాయలును, మూడవదానికి 18,000 రూపాయలును, వెరసి 78,000 రూపాయలు గరిష్ఠ సహాయముగా నిర్ణయించిరి. ఈ సొమ్ము పని ముగిసి, తనిఖీ జరిగిన తరువాత బ్యాంకు ఖాతాకు చేరును. అంతవరకు పెట్టుబడి యెవరిది? 78,000 రూపాయలు నూటికి ఏటికి 12 వంతున అప్పు తెచ్చి, రాయితీ మూడు నెలలు ఆలస్యమైనచో వడ్డీయే 2340 రూపాయలు. దీనిని లెక్కలో వేయక కొన్నవాడు పిదప చింతించును.

యంత్రమునకు ముందు అవసరమును తగ్గించుట మేలు. మిద్దెపై తెల్లసున్నము పూసిన ఎండ వెనుకకు మరలును. పడమటి గోడకు చెట్టు నీడ యున్న గది చల్లబడును. 75 వాట్ల పంకాకు బదులు 30 వాట్ల పంకా వేసి, దినమునకు 12 గంటలు, ఏటికి 300 దినములు త్రిప్పినచో 162 యూనిట్లు మిగులును. యూనిటు 5 రూపాయలనుకొన్న 810 రూపాయలు. క్రొత్త పంకా వెల 1500 రూపాయలు హెచ్చైనను రెండేండ్లలోపల తీరును. అయితే నెలనెల సున్న బిల్లు వచ్చు కుటుంబమునకు ఈ మిగులు కనబడదు. వాడకము ఉచిత పరిమితిని దాటు నెలలలోనే దాని ఫలము తెలియును.

కావున సభ్యులు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. సహాయము పన్నుతో ముడిపడినదా, రొక్కమా? ఎంతవరకు పరిమితి? ఏ తేదీలోపల ఏ పని ముగియవలెను? సొమ్ము వచ్చువరకు వడ్డీ యెవరు భరింతురు? నాలుగింటికిని జవాబు కాగితముపై వ్రాసికొననిదే బయానా ఇయ్యవలదు. పదిమంది కలిసి ధర విచారించినచో వర్తకుడు మెత్తబడును. ఒంటరిగా మోసపోవుటకంటె సంఘ సభలో నోరు విప్పి యడుగుట మేలు.